ఇరవై నాలుగు మంచాల పరీక్ష

తేదీ 3, సోమవారం

రోజూ రాయమని చిన్నది చెప్పింది. చేత్తో రాస్తే బుర్రలో నిలుస్తుందట. ఎవరూ చదవరమ్మా, తప్పులున్నా ఫర్వాలేదు అంది. ఏడో తరగతిలో ఆపేసినదాన్ని. తప్పుల్లేకుండా రాస్తేనే అనుమానించాలి.

ఇవాళ జరిగింది ఇదీ. ఆసుపత్రిలో మధ్యాహ్నం భోజనాల బండిని వంటగదిలోంచి లిఫ్టులోకి తోశాను. మూడో అంతస్తు నొక్కాను. నొక్కి, బయటికొచ్చి, మెట్లెక్కి వెళ్ళాను. చేతులు ఖాళీగా ఉన్నాయి కదా, మెట్లెక్కితే ఒంటికి మంచిది అనుకున్నట్టు గుర్తు. చేతులెందుకు ఖాళీగా ఉన్నాయో మాత్రం తట్టలేదు.

ఆయాసపడుతూ నేను పైకి చేరేసరికి లిఫ్టు తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం కూడా అయిపోయింది. ఇరవై నాలుగు పళ్ళేలతో బండి ఒంటరిగా ఊరేగింది. ఐదో అంతస్తులో ఒక డాక్టరుగారు చూశారట. కింద మందుల కొట్టు దగ్గర ఒకసారి కనబడిందట. కాన్పుల వార్డు బయట కూర్చున్నవాళ్ళెవరో ఇదేదో ఆసుపత్రి మర్యాద అనుకుని రెండు పళ్ళేలు తీసుకుని శుభ్రంగా తినేశారు. అందులో ఒకటి ఉప్పు లేనిది. బాగోలేదని ఫిర్యాదు కూడా చేశారు.

వంటగది మేడమ్ పిలిచింది. ఆవిడకి కోపం వచ్చేకొద్దీ గొంతు తగ్గుతుంది. ఇవాళ దగ్గరికెళ్ళి చెవి పెడితే గానీ వినబడలేదు.

"ఇరవై ఐదో తారీకున బండి తోసే ఆరుగురికీ పరీక్ష. కాగితం మీద ఒకటి, వార్డులో వడ్డించి చూపించడం ఒకటి. తప్పినవాళ్ళు గిన్నెల గదికి."

"బండి పోగొట్టింది నేనొక్కదాన్నే కదా మేడమ్, అందరికీ ఎందుకు?"

"నీ ఒక్కదానికే పెడితే నిన్ను అవమానించినట్టు ఉంటుందని."

మిగతా ఐదుగురూ నాతో మాట్లాడటం మానేశారు.

గిన్నెల గది అంటే నేల కింద. ఆవిరి, కుళాయిల హోరు, ఎవరి మాటా వినబడదు. చేతులకి పని ఉంటుంది, బుర్రకి ఉండదు. నా బుర్రని ఈ రోజుల్లో ఒంటరిగా వదలకూడదు. పైన వార్డులో అయితే ఇరవై నాలుగుమంది ఆడవాళ్ళు, ఇరవై నాలుగు గోలలు. పూట తెలీకుండా గడుస్తుంది. బండి నాకు కావాలి.

పెద్దది ఉన్నన్నాళ్ళూ నాకు జ్ఞాపకశక్తి అక్కర్లేకపోయింది. తాళాలెక్కడ, ఎవరి పుట్టినరోజు ఎప్పుడు, కిందటేడు ఏ మందుకి నా ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి, అన్నీ దాన్నే అడిగేదాన్ని. మూడు రోజుల జ్వరంతో అది పోయి పది నెలలు. దాంతోపాటు గ్యాసు బుక్కు నంబరూ పోయింది.

తేదీ 4, మంగళవారం

నిన్న రాయడం మర్చిపోయాను. ఇది బుధవారం రాస్తున్నాను.

తేదీ 6, గురువారం

చిన్నదానికి కాలేజీలో ఎవరో నేర్పారట, పరీక్షలకి పనికొచ్చే ఉపాయం. ఇంట్లో నడుచుకుంటూ వెళ్తున్నట్టు ఊహించుకోవాలి. ఒక్కో చోట ఒక్కో పేషెంటుని కూర్చోబెట్టాలి.

"గేటు దగ్గర ఒకటో నంబరు ఆవిడ. చెప్పుల స్టాండు మీద రెండో నంబరు. పొయ్యి మీద ఏడు."

"పొయ్యి మీద మనిషినా!"

"మనసులోనేనమ్మా."

"మనసులో అయితే మాత్రం కాలదా? ఆవిడ అసలే షుగరు మనిషి, పుండు పడితే మానదు."

ఏడో నంబరుని గట్టు మీదికి మార్చాం.

ఒక్కొక్కరి చేతిలో వాళ్ళ చీటీ పెట్టాలి. ఎర్రచీటీ అంటే ఉప్పు వద్దు, పసుపు అంటే పంచదార వద్దు, నీలం అంటే మెత్తగా మెదిపి పెట్టాలి, తెలుపు అంటే అన్నీ తినొచ్చు. కళ్ళు మూసుకుని తిరిగాను. నిజంగానే కనబడ్డారు! ఫ్రిజ్ పక్కన నాలుగో నంబరు పసుపుచీటీ ఊపుతూ, "ఇంకెంతసేపే?" అంటోంది.

పద్నాలుగుమంది అయ్యేసరికి ఇల్లు నిండిపోయింది. మాది చిన్న ఇల్లు.

"అక్క గది ఉందిగా" అంది చిన్నది.

ఆ గది తలుపు బిగుసుకుపోయింది. వానలకి చెక్క ఉబ్బింది, అంతే. మా ఆయన చూస్తానంటున్నారు గానీ తీరిక ఉండటం లేదు.

తేదీ 8, శనివారం

ఆరో నంబరు ఆవిడ ఇంటికెళ్తూ పిల్లలెంతమంది అని అడిగింది. ఒక్కతే అన్నాను.

అన్నం తినబుద్ధి కాలేదు. ఎండకి అనుకుంటా.

తేదీ 10, సోమవారం

మిగిలిన పదిమందికి చోటు కావాలి కదా. పక్కింటి టైలరు వదిన ఇంటికి వెళ్ళాను. ఇల్లు ఒకసారి చూస్తానన్నాను. రోజూ చూసే ఇల్లే.

కుట్టుమిషను చూశాను. అద్దం చూశాను. స్నానాలగది తలుపు తీసి బకెట్టు దగ్గర కాసేపు నిలబడ్డాను. వెనకాలే వచ్చింది వదిన, మెడలో టేపుతో.

"ఏంటి వదినా, ఏమైనా పోయిందా?"

"లేదు, ఇక్కడ ఇరవయ్యో నంబరుని కూర్చోబెడదామని."

"ఎవర్నీ?"

"కాలు విరిగినావిడ. పాపం, మెత్తగా పెట్టాలి."

వదిన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. తర్వాత నన్ను గుమ్మం దాకా దింపి, చిన్నదానికి ఫోను చేసిందట. "మీ అమ్మ బాగానే ఉందా, మా బాత్రూములో ఎవరికో అన్నం పెడతానంటోంది" అని.

తేదీ 11, మంగళవారం

పద్నాలుగో మంచంలోకి కొత్తగా ఒక మామ్మగారు వచ్చింది. తుంటి ఎముక విరిగింది. పళ్ళు నాలుగే గానీ నోరు మాత్రం పూర్తిగా ఉంది. నీలం చీటీ.

"అమ్మాయ్, నీకు పిల్లలెంతమంది?"

ఈసారి ఇద్దరన్నాను. శనివారం పొరపాటు మళ్ళీ చెయ్యకూడదు కదా.

"పెద్దదానికి పెళ్ళయిందా?"

అయిందన్నాను.

ఎందుకన్నానో తెలీదు. నోరు దాటాక వెనక్కి తీసుకోవడం ఎలా?

"అల్లుడేం చేస్తాడు?"

"బ్యాంకులో."

తేదీ 12, బుధవారం

మామ్మగారు అల్లుడి గురించి ఇంకా అడిగింది. పొడుగు, చామనఛాయ, మాట తక్కువ. బ్యాంకు వాళ్ళు దూరం బదిలీ చేశారు. అందుకే పెద్దది రావడం లేదు.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలి. అల్లుణ్ణి మా ఇంట్లో సోఫా మీద కూర్చోబెట్టాను. అక్కడున్న పదకొండో నంబరు ఆవిడని టీవీ పక్కకి జరగమన్నాను.

ఉపాయం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అల్లుడు తేదీలతో సహా గుర్తుంటున్నాడు. ఎవరికి ఉప్పు వద్దో మాత్రం ఇంకా తడబడుతున్నాను.

తేదీ 14, శుక్రవారం

ఇవాళ మామ్మగారు, "ఏమైనా విశేషమా?" అంది, పెద్దదాని గురించి. నేను చారు పోస్తున్నాను. ఊఁ అనేశాను.

"అబ్బో! ఎన్నో నెల?"

"పది నెలలండీ."

చేతిలో గరిటె ఆగిపోయింది. మామ్మగారు కళ్ళు పెద్దవి చేసింది.

"పది నెలలేంటే! ఏనుగు పిల్లనా?"

పక్క మంచాలవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. లెక్క తప్పానండీ, ఆరో నెల అన్నాను. బండి తోసుకుని మెట్ల దగ్గరికి వచ్చి కాసేపు నిలబడ్డాను. తర్వాత ఖాళీ పళ్ళేలు తీసుకుని వంటగదికి వెళ్ళాను. లిఫ్టులోనే వెళ్ళాను. బండితో కలిసి.

తేదీ 16, ఆదివారం

టైలరు వదిన ఇల్లు పనికిరాలేదు. అక్కడ ఎవర్ని కూర్చోబెట్టినా, వదిన టేపు పట్టుకుని వచ్చి కొలతలు తీస్తున్నట్టే ఉంటోంది. నవ్వొచ్చి చీటీ మర్చిపోతున్నాను. పరీక్ష తొమ్మిది రోజుల్లోకి వచ్చింది.

ఆయన కొట్టుకి వెళ్ళారు. చిన్నది బట్టలు ఆరేస్తోంది. ఊరికే ఆ గది తలుపు మీద చెయ్యి వేశాను.

తలుపు బిగుసుకుపోలేదు.

దుమ్ము. మంచం, బల్ల, కిటికీ, గోడకి అరలు, బీరువా, తలుపు వెనక కొక్కెం. లెక్కపెడితే సరిగ్గా పది చోట్లు వచ్చాయి. మంచం తలవైపు పదిహేను, కాళ్ళవైపు పదహారు. బల్ల మీద పదిహేడో నంబరు, బొద్దుమనిషి, కాళ్ళు వేలాడేసుకుని. అరల మీద ముగ్గురు. కిటికీలో కాలు విరిగిన ఇరవయ్యో నంబరు, రోడ్డు చూస్తూ. కొక్కేనికి ఎవర్నీ తగిలించలేను కదా, దాని కింద నిలబెట్టాను. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, అన్నం ఎప్పుడని.

ఎన్నాళ్ళైందో ఆ గదిలో మాట వినబడి.

చిన్నది తడిబట్టతో గుమ్మంలో నిలబడి చూస్తోంది. "లోపలికి రాకే, పదిహేనో నంబరు మీద కూర్చుంటావు" అన్నాను. వచ్చింది. జాగ్రత్తగా మంచం చివర, పదహారో నంబరుకి ఇవతల కూర్చుంది. ఇద్దరం చీపురు తెచ్చుకుని గది ఊడ్చాం.

తేదీ 17, సోమవారం

ఇరవై నాలుగుకి ఇరవై నాలుగు!

తేదీ 18, మంగళవారం

మళ్ళీ ఇరవై నాలుగు. చీటీలు చూడకుండానే పెట్టేస్తున్నాను. బండి తోసే పొడుగామె నోరు తెరిచింది. పరీక్ష మాట వచ్చాక మొదటిసారి నాతో మాట్లాడింది, ఎలా చేస్తున్నావని. "ఏముంది, బుర్ర" అన్నాను.

తేదీ 19, బుధవారం

బుర్రా లేదు, బూడిదా లేదు.

తొమ్మిదో నంబరు టీచరమ్మకి గాలి కావాలట. పదో నంబరు పిండిమిల్లు ఆవిడకి కిటికీ పక్క చలేస్తోందట. ఇద్దరూ పొద్దున నాకు చెప్పకుండా మంచాలు మార్చుకున్నారు. నాకు చెప్పాలని వాళ్ళకేం తెలుసు? తొమ్మిదంటే చీపురు మూల, ఎర్రచీటీ. పదంటే నీళ్ళ బిందె, తెల్లచీటీ. కళ్ళు మూసుకుని పెట్టినట్టే పెట్టేశాను.

టీచరమ్మకి ఉప్పు పడకూడదు. ఉప్పు, కారం అన్నీ ఉన్న భోజనం మెతుకు మిగల్చకుండా తినేసి, పళ్ళెం వేలితో తుడుచుకుని, "ఇవాళ వంట ఎవరిదమ్మా, దేవతలా ఉంది" అంది. పిండిమిల్లు ఆవిడ తన చప్పిడి కూర తిని, రుచి తెలీడం లేదు, నాకేదో జబ్బు ముదిరింది అని ఏడుపు మొదలెట్టింది. నర్సులు పరుగెత్తుకొచ్చారు. టీచరమ్మకి బీపీ చూశారు, పెరిగింది. సాయంత్రానికి తగ్గింది. నాది తగ్గలేదు.

వంటగది మేడమ్ పెదాలు కదిలాయి. దగ్గరికి వెళ్ళాను.

"నీ జ్ఞాపకశక్తి ఎవరడిగారు?"

"పరీక్ష కోసం మేడమ్..."

"మంచం కదలదు, మనిషి కదులుతుంది. పేరు అడుగు. చేతికున్న పట్టీ చూడు. చీటీ చూడు. మూడూ ఒకటైతేనే పెట్టు. నీ సొంత అత్తగారైనా సరే, పేరడగాలి. పరీక్షలో నేను చూసేది అదొక్కటే."

ఇంటికొచ్చి చెప్తే చిన్నది తల పట్టుకుంది. "నీకు నమ్మకం రావాలన్నాను గానీ, ఇంత రావాలనలేదమ్మా."

తేదీ 20, గురువారం

ఆయన సంగతి రాయాలి. ఫ్యాన్లు బాగుచేసే కొట్టు ఆయనది. మాట తక్కువ. మామ్మగారికి చెప్పిన అల్లుడి పోలికలు ఎవరివో ఇప్పుడు తెలుస్తోంది.

అన్నం పెడుతూ, మామ్మగారితో చెప్పినవన్నీ ఆయనకి చెప్పేశాను. పెళ్ళి, బ్యాంకు, ఆరో నెల. తిడతారనుకున్నాను. ఆయన అన్నంలో పెరుగు కలుపుకున్నారు.

"నేనూ అంతే. మొన్నొకాయన టేబుల్ ఫ్యాను కొంటూ బాగా తిరుగుతుందా అన్నాడు. మా పెద్దమ్మాయికి ఈ ఫ్యానైతేనే నిద్రపడుతుంది అన్నాను."

"పడుతుంది అన్నారా?"

"ఊఁ. వారంటీ కూడా ఇచ్చాను."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి, కుళాయి కట్టెయ్యకుండా చాలాసేపు అక్కడే ఉన్నారు.

తేదీ 24, సోమవారం

రేపే. అద్దం ముందు నిలబడి, "నాకన్నీ గుర్తున్నాయి, నాకన్నీ గుర్తున్నాయి" అని ఇరవైసార్లు అనమంది చిన్నది. ధైర్యం వస్తుందట. పదిహేడోసారికి పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది.

ఇంకో గండం కూడా ఉంది. మామ్మగారు రేపు మధ్యాహ్నం ఇంటికెళ్తోంది. "వెళ్ళేలోగా నీ పెద్దకూతుర్ని ఒక్కసారి ఫోన్లో మాట్లాడించవే, దీవిస్తాను" అంది. సిగ్నల్ లేదన్నాను. ఏ ఊళ్ళో లేదని అడిగితే, ఏ ఊరికి బదిలీ చేశానో గుర్తు రాలేదు.

తేదీ 25, మంగళవారం

రాత పరీక్ష పొద్దున. పైన పేరు రాయమన్నచోట చిన్నదాని పేరు రాసి, కొట్టేసి, నాది రాశాను. ప్రశ్నలు ఇరవై. చీటీ రంగులు, చేతులు ఎన్నిసార్లు కడగాలి, నేల మీద పడిన చెంచా ఏం చెయ్యాలి. రాసేటప్పుడు పెద్దదాని గది మనసులో తెరుచుకుంది. ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాను.

వడ్డన మధ్యాహ్నం. వెనకాలే మేడమ్, చేతిలో అట్ట, పెన్సిలు. ఒకటో మంచం దగ్గరికి వెళ్ళి, "మీ పేరు చెప్పండి" అన్నాను. పట్టీ చూశాను, చీటీ చూశాను, పెట్టాను. రెండో మంచం. మూడో మంచం. టీచరమ్మ పేరు చెప్పి, "ఇవాళ కూడా పొరపాటున ఉప్పుది ఇచ్చేస్తావా?" అని ఆశగా అడిగింది. ఇవ్వలేదు.

పద్నాలుగో మంచం. మామ్మగారు కొత్త చీర కట్టుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మీ పేరు చెప్పండి."

"రెండు వారాలుగా పెడుతున్నావు, నా పేరు తెలీదా?"

"తెలిసినా అడగాలి మామ్మగారూ."

చెప్పింది. పట్టీ చూశాను, చీటీ చూశాను. పళ్ళెం పెట్టి కదలబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"నా పేరడిగావు సరే. నీ పెద్దకూతురి పేరు ఒక్కసారైనా చెప్పావా? ఇంటికెళ్ళి ఎవరి పేరు చెప్పి దణ్ణం పెట్టుకోను?"

మేడమ్ పెన్సిలు ఆగింది. ఇరవై నాలుగు మంచాలూ నన్నే చూస్తున్నట్టు ఉంది. పది నెలలుగా మా ఇంట్లో ఎవరం ఆ పేరు పలకలేదు. పెద్దది అంటాం, అక్క అంటుంది చిన్నది. నోరు తిరుగుతుందో లేదో అని భయమేసింది.

పేరు చెప్పాను. పైకే. గట్టిగానే.

"చక్కటి పేరు" అంది మామ్మగారు.

"లేదండీ అది. పోయింది."

"పోవడమేంటే? ఆరో నెలని..."

"లేదండీ. జ్వరంతో పోయింది. పెళ్ళి కూడా కాలేదు."

"మరి బ్యాంకు అల్లుడు?"

"లేడండీ."

"పొడుగ్గా, చామనఛాయగా..."

"అది మా ఆయనండీ."

మామ్మగారి నోరు ఊరుకోవడం వార్డులో అదే మొదటిసారి. తిడుతుంది, తిట్టాలి కూడా అనుకున్నాను. చెయ్యి మాత్రం వదల్లేదు.

"లేని అల్లుడి గురించి అంత చెప్పావు. ఉన్న పిల్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదే. కూర్చో. ఎలా ఉండేది?"

మేడమ్ వైపు చూశాను. ఆవిడ అట్ట వైపు చూస్తోంది. కూర్చున్నాను, మంచం అంచున.

గుర్తుండదేమో అని ఇన్నాళ్ళూ భయం. అడిగితే ఏమీ రాదేమోనని. వచ్చింది. నవ్వితే ఎడమ బుగ్గ మీదికి వచ్చే సొట్ట, నిద్దట్లో ఎక్కాలు అప్పజెప్పడం, కొత్త చెప్పులు కరిస్తే చేతిలో పట్టుకుని కాలేజీకి వెళ్ళడం. ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి వచ్చింది. ఏ మూలా వెతుక్కోలేదు. టీచరమ్మ మంచం దిగి వచ్చి వింది. మామ్మగారు మధ్యలో రెండుసార్లు నవ్వింది, ఒకసారి కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

చివరికి మేడమ్ మామూలు గొంతుతో, అందరికీ వినబడేట్టు అంది. "ఇంకా పది పళ్ళేలున్నాయి."

తేదీ 27, గురువారం

ఫలితాలు గోడకి అంటించారు. రాత పరీక్షలో ఇరవైకి పద్నాలుగు. వడ్డనలో ఇరవైకి పదహారు. నాలుగు మార్కులు ఎందుకు కోశారో పక్కన రాశారు: పది పళ్ళేలు చల్లారినవి. బండి నాదే! పొడుగామె కూడా పాసైంది, నన్ను క్షమించేసింది.

ఇంటికొచ్చి అన్నం తింటూ మామ్మగారికి చెప్పినవన్నీ వీళ్ళకి చెప్పాను. పేరు కూడా పలికాను. మొదట ఇద్దరూ కంచంలోకి చూశారు. తర్వాత చిన్నది, "ఇల్లొదిలి వెళ్ళిపోయిన కథ చెప్పావా?" అంది.

పెద్దది చిన్నప్పుడు అలిగి ఇల్లొదిలి వెళ్ళింది. వెళ్ళి టైలరు వదిన మిషను కింద కూర్చుంది. దానికి అప్పుడు నాలుగేళ్ళు, దిండు పట్టుకుని వెళ్ళింది అన్నాను. ఆయన ఐదేళ్ళన్నారు. దిండు కాదు, దుప్పటి అన్నారు. నేను దిండే అన్నాను. గొంతులు పెరిగాయి.

"రెండూ కాదు. అక్క ఏమీ పట్టుకెళ్ళలేదు. వెనకాల ఎవరూ రాకూడదని నాన్న చెప్పులు రెండూ వేసుకుని వెళ్ళింది" అంది చిన్నది.

"నువ్వప్పటికి పుట్టనే లేదు కదే!"

"పుట్టకపోతే ఏం? నాకు అక్కే చెప్పింది."

ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగిపోయారు.

"ఆ రోజు వీధంతా ఒట్టి కాళ్ళతో వెతికాను. ఎండకి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. చెప్పులు ఏమయ్యాయో తెలీలేదు" అన్నారు.

పెద్దది చెప్పిందే రైటు. అలాగే రాసుకున్నాను.